ఆంధ్రా ప్యారిస్ వాళ్లు... అసలు ప్యారిస్‌లో భోంచేస్తే!

తెనాలిని ‘ఆంధ్రా ప్యారిస్’ అంటారు. కానీ ఆ ఊరి పిల్లలు బతుకుదెరువు వెతుక్కుంటూ వెళ్లింది ప్యారిస్‌కు కాదు, అమెరికాకు! పక్కనే ఉన్న బాపట్ల, రేపల్లె పిల్లలదీ అదే దారి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని బళ్లో వేసి, కాస్త ఊపిరి పీల్చుకున్నాక... ‘ఈ ఏడు అమ్మానాన్నలను తీసుకుని ప్యారిస్ చూసొద్దాం’ అంటారు. అక్కడే అసలు కథ మొదలవుతుంది. ఈఫిల్ టవర్ ఫొటోల్లో చూసినట్టే ఉంటుంది, దాంతో పేచీ లేదు. తికమకపెట్టేదల్లా భోజనం బల్లే!

అమెరికా అలవాట్లతో వెళ్లి ఫ్రాన్స్‌లో కూర్చుంటే ఏం జరుగుతుంది? కొడుకుకూ కోడలికీ కొత్తగా అనిపించే ఆ పద్ధతులు తెనాలి నుంచి వచ్చిన పెద్దవాళ్లకు ఎందుకు పాతవిలా తోస్తాయి?

రెండు కారణాల పేరు

తెనాలికి ప్యారిస్ పేరెందుకొచ్చిందని అడిగితే ఊళ్లో రెండు జవాబులు వినిపిస్తాయి. ఒకటి కాలువలు. 1855 నాటికి విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కట్టడం పూర్తయింది. పశ్చిమ డెల్టాకు నీళ్లొచ్చాయి. మూడు కాలువలు ఊళ్లోంచి పారుతుంటే, వాటి మీద వంతెనలు, గట్ల మీద జనం... చూసినవాళ్లకు సెన్ నది ఒడ్డున ఉన్న ప్యారిస్ గుర్తొచ్చిందంటారు. రెండోది కళలు. నాటకాలు, పత్రికలు, సాహిత్యం. చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావు పేర్లు చెబితే చాలు. స్త్రీ పాత్రలతో తెలుగు నాటకరంగాన్ని ఏలిన స్థానం నరసింహారావు పుట్టింది బాపట్లలో.

ఇందులో ఏది అసలు కారణమన్నది అలా ఉంచితే, ప్యారిస్‌కు పేరు తెచ్చిన మూడో సంగతి ఒకటుంది. బల్ల చుట్టూ కూర్చుని, గంటల తరబడి తింటూ, తాగుతూ, వాదించుకునే అలవాటు. నాటకం అయిపోయాక టీ కొట్టు దగ్గర తెల్లవార్లూ పద్యం గురించి పోట్లాడుకున్న ఊరికి ఆ అలవాటు కొత్తా?

పరాసువాళ్లు పొరుగువాళ్లే!

ఫ్రెంచివాళ్లు మనకు బొత్తిగా తెలియనివాళ్లేం కాదు. రేపల్లె నుంచి బయల్దేరి, 2006లో మొదలైన పెనుమూడి-పులిగడ్డ వంతెన మీదుగా కృష్ణ దాటి, అవనిగడ్డ మీదుగా మచిలీపట్నం వెళ్లండి. అక్కడ ‘పరాసుపేట’ ఉంది. పరాసువాళ్లంటే ఫ్రెంచివాళ్లే. 1669లో అక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. 1753లో నిజాం ఉత్తర సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి సైన్యం ఖర్చుల కింద అప్పగించాడు. 1759లో ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నం కోట పట్టుకోవడంతో ఆ వైభవం ముగిసింది. గోదావరి ఒడ్డున యానాం మాత్రం 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలోనే ఉండిపోయింది.

విచిత్రమేంటంటే, ఇన్నేళ్ల పొరుగులోనూ ఫ్రెంచి వంట మన కృష్ణా డెల్టా వంటింటి గడప దాటలేదు. తుపాకులొచ్చాయి, పన్నులొచ్చాయి, పేటకు పేరొచ్చింది. రొట్టె మాత్రం రాలేదు!

అమెరికా సంగతి వేరు. 1965లో అక్కడి వలస చట్టం మారాక మన డాక్టర్లు, ఇంజినీర్లు వెళ్లడం మొదలైంది. 1977 నాటికి తానా పెట్టుకునేంత మంది అయ్యారు. 1990 చట్టంతో హెచ్-1బీ వీసా వచ్చింది. బాపట్లలో 1945 నుంచీ వ్యవసాయ కళాశాల, 1981 నుంచి ఇంజినీరింగ్ కాలేజీ ఉన్నాయి. చదువుకున్న పిల్లలకు విమానం ఎక్కడం ఎంతోకాలం పట్టలేదు. అందుకే ఈ మూడు ఊళ్లలో ‘ఫారిన్’ అంటే అమెరికా అనే అర్థం. ఫ్రాన్స్‌ను కూడా అమెరికా కళ్లద్దాల్లోంచే చూస్తారు.

‘ఆంత్రే’ అంటే ఏంటండీ?

మొదటి బోల్తా మెనూ దగ్గరే. అమెరికా హోటల్లో ‘ఆంట్రే’ అంటే అసలు భోజనం. పెద్ద పళ్లెం నిండా వస్తుంది. ఫ్రాన్స్‌లోనూ అదే మాట కనిపిస్తుంది. డల్లాస్ అబ్బాయి ధీమాగా అదే చెబుతాడు. కాసేపటికి ఓ చిన్న గిన్నెలో సూపో, నాలుగు ఆకులతో సలాడో వస్తుంది! ఫ్రెంచిలో ఆ మాటకు ‘ప్రవేశం’ అని అర్థం. అంటే భోజనానికి గుమ్మం మాత్రమే. అసలు వంటకాన్ని ‘ప్లా’ అంటారు. ఒకే మాట సముద్రం దాటి మరో అర్థం తెచ్చుకుందన్నమాట.

‘మెనూ’ కూడా అంతే. మనకూ అమెరికన్లకూ మెనూ అంటే వంటకాల పట్టిక. ఫ్రాన్స్‌లో మెనూ అంటే ఒకే ధరకు కట్టిన భోజనం... అచ్చం మన ‘ఫుల్ మీల్స్’ లాగా. గుమ్మం వంటకం, అసలు వంటకం, చివర్లో తీపి. పట్టిక కావాలంటే ‘కార్త్’ అని అడగాలి. మధ్యాహ్నం పూట ఈ కట్టు భోజనమే చవక. పెద్ద పేరున్న చోట్ల కూడా రాత్రి కంటే మధ్యాహ్నం తక్కువలో తినొచ్చు.

వరస కూడా గమనించండి. అమెరికాలో అన్నీ ఒకే పళ్లెంలో, ఒకేసారి. ఫ్రాన్స్‌లో ఒకదాని తర్వాత ఒకటి. మన పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు వరసలాగే! పెరుగన్నం తినకుండా విస్తరి ముందు నుంచి లేవని గుంటూరు జిల్లా మనిషికి ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. ఫ్రెంచివాళ్లకు పెరుగు స్థానంలో చీజ్. అసలు వంటకం అయ్యాక, తీపికి ముందు వడ్డిస్తారు. ‘పెరుగు వేసుకోకుండానే లేచావేంట్రా’ అని మన నాయనమ్మ గదిమినట్టే అక్కడి నాయనమ్మా చీజ్ పళ్లెం ముందుకు జరుపుతుంది.

వెయిటర్ పట్టించుకోడేం?

రెండో బోల్తా ఇది. అమెరికా హోటల్లో కూర్చోగానే ఐసు నీళ్లు వస్తాయి. వెయిటర్ నవ్వుతూ తన పేరు చెబుతాడు. అయిదు నిమిషాలకోసారి వచ్చి ‘అంతా బాగుందా’ అంటాడు. ఆఖరి ముద్ద నోట్లో ఉండగానే బిల్లు బల్ల మీద పెడతాడు. పైకి ‘తొందరేం లేదు’ అంటాడు. కానీ తొందర ఉంది. ఆ బల్ల మీద ఇంకో రెండు కుటుంబాలు కూర్చుంటేనే అతనికి నాలుగు డబ్బులు.

ఫ్రాన్స్‌లో ఇదంతా తిరగబడుతుంది. వంటకం పెట్టి వెళ్లిన మనిషి మళ్లీ అటు చూడడు. గంట గడిచినా బిల్లు రాదు. ‘పొగరు’ అనుకుని మనవాళ్లు నొచ్చుకుంటారు. నిజానికి అది మర్యాద! భోంచేస్తున్న మనిషికి బిల్లు చూపించడమంటే ‘ఇక లేవండి’ అని చెప్పడమే అని వాళ్ల లెక్క. పంక్తిలో కూర్చున్నవాళ్లు లేవకముందే విస్తళ్లు ఎత్తితే మనకు ఎలా ఉంటుందో ఆలోచించండి. బిల్లు కావాలంటే మీరే ‘లదిస్యోఁ సిల్ వు ప్లే’ అని అడగాలి.

ఇంకో చిన్న మాట మరిచిపోకూడదు. దుకాణంలోకో హోటల్లోకో అడుగుపెట్టగానే ‘బోఁజూర్’ అనాలి. పలకరించకుండా నేరుగా ‘ఒక కాఫీ’ అంటే అది వాళ్లకు మొరటుతనం. అమెరికా మర్యాద నవ్వులో ఉంటే, ఫ్రాన్స్ మర్యాద పలకరింపులో ఉంది. మన ఊళ్లో కిళ్లీ కొట్టుకు వెళ్లినా ‘ఏం బాబాయ్, బాగున్నావా’ అన్నాకే సరుకు అడుగుతాం కదా!

యాభైకి యాభై... యాభైకి అరవై నాలుగు

డబ్బుల దగ్గర తేడా తేటగా కనిపిస్తుంది. అమెరికాలో కార్డు మీద 50 డాలర్లు ఉందనుకోండి. చాలా రాష్ట్రాల్లో అమ్మకం పన్ను పైన వేస్తారు. ఎనిమిది శాతమైతే 4 డాలర్లు. ఆపైన టిప్పు. ఇరవై శాతం చొప్పున 10. మొత్తం 64! ఫ్రాన్స్‌లో 50 యూరోలని రాసి ఉంటే కట్టేది 50 యూరోలే. పన్ను, సర్వీసు చార్జీ ధరలోనే కలిపి ఉండాలన్నది అక్కడి నిబంధన. వడ్డన బాగా నచ్చితే చిల్లర వదిలి రావచ్చు. వదలకపోయినా ఎవరూ వెంటపడరు.

ఈ తేడాకు కారణం మర్యాదలు కాదు, జీతాలు. అమెరికాలో టిప్పులు వచ్చే ఉద్యోగులకు యజమాని ఇవ్వాల్సిన కనీస వేతనం కేంద్ర చట్టం ప్రకారం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి అది మారలేదు. మిగతాది టిప్పుల్లోంచి రావాలి. కొన్ని రాష్ట్రాలు ఎక్కువ ఇప్పిస్తున్నాయి గానీ పద్ధతి అదే. అంటే అక్కడ వెయిటర్ జీతంలో పెద్ద భాగం ఇచ్చేది తినడానికి వచ్చిన మనిషే. ఆ చిరునవ్వు వెనక ఇంటి అద్దె ఉంది. ఫ్రాన్స్‌లో వెయిటర్‌కు అందరిలాగే కనీస వేతనం, సెలవులు ఉంటాయి. అందుకే నవ్వాలనిపిస్తే నవ్వుతాడు, లేకపోతే లేదు!

నీళ్ల విషయంలోనూ కాస్త జాగ్రత్త. ఫ్రాన్స్‌లో ‘నీళ్లు’ అంటే సీసా తెచ్చి డబ్బులు వేస్తారు. ‘కరాఫ్ దో’ అని అడిగితే కుళాయి నీళ్లు జగ్గులో ఉచితంగా ఇస్తారు. అమెరికాలో లాగా కూల్‌డ్రింకు గ్లాసు మళ్లీ మళ్లీ ఉచితంగా నింపరు. 2017లో ఫ్రాన్స్ దాన్ని నిషేధించింది. తెనాలి ఫిల్టర్ కాఫీ అలవాటున్నవాళ్లు ఉత్త ‘కఫే’ అంటే చుక్కలు కనిపిస్తాయి. చిన్న కప్పులో చిక్కటి చేదు కషాయం వస్తుంది. పాలు కావాలంటే ‘కఫే క్రెమ్’ అనండి. అదే కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఓ ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో ధర. కుర్చీకీ, కూర్చునే సమయానికీ వెల కట్టారన్నమాట.

ఆకుకూరలో కూడా పంది మాంసం!

శాకాహారులకు మాత్రం అమెరికా స్వర్గం, ఫ్రాన్స్ పరీక్ష. అమెరికాలో ఇది తీసేయండి, అది కలపండి అంటే కాదనరు. వంటకం కొనేవాడిది. ఫ్రాన్స్‌లో వంటకం వండినవాడిది! మార్చమంటే మొహం చిట్లిస్తారు. సలాడ్ అని పేరుంటే పచ్చి ఆకులే అనుకోవద్దు. వేయించిన పంది మాంసం ముక్కలో, చేపో ఉండొచ్చు. ఉల్లిపాయ సూపుకు చాలాచోట్ల గొడ్డుమాంసం రసమే ఆధారం. కొన్ని తీపి వంటకాల్లో జెలటిన్ ఉంటుంది. కోడి తింటాం గానీ మిగతావి తినమనేవాళ్లు కూడా అడిగి తెలుసుకోవాల్సిందే. ‘సాఁ వియాఁద్, సాఁ పువాసోఁ’... అంటే మాంసం వద్దు, చేప వద్దు. ఈ రెండు మాటలు కాగితం మీద రాసి పెట్టుకుంటే చాలు.

దారులు లేకపోలేదు. బ్రిటనీ ప్రాంతం నుంచి వచ్చిన ‘గాలెత్’ ఉంది. బక్‌వీట్ అనే గింజల పిండితో పెద్ద పెనం మీద పల్చగా తిప్పి వేస్తారు. చూస్తే దోసె గుర్తు రాకమానదు. లోపల చీజో పుట్టగొడుగులో పెట్టించుకోవచ్చు. వంకాయ, టమాట, గుమ్మడి జాతి కూరగాయలతో వండే ‘రాతతూయ్’ తింటుంటే మన ఇంటి కలగూర మాటే మనసులో మెదులుతుంది... కారం తప్ప! మరీ మొహం వాచిపోతే ప్యారిస్‌లో లా షపెల్ పేటకు వెళ్లాలి. శ్రీలంక తమిళులు స్థిరపడ్డ చోటు. ఇడ్లీ, దోసె, సాంబారు దొరుకుతాయి. వినాయకుడి గుడి కూడా ఉంది. రేపల్లె, నిజాంపట్నం వైపు నుంచి వెళ్లినవాళ్లకు ఇంకో ఆనందం. చేపల్ని తల, తోకతో సహా పళ్లెంలో పెట్టే దేశం అది. ముళ్లు తీసిన తెల్లముక్కలే చేపలనుకునే అమెరికా మనవలు బెదిరిపోతుంటే, తాతగారు ముల్లు ఎలా తీయాలో నేర్పిస్తారు!

బెండకాయ తుంచి చూడొద్దు

పొద్దున్నే వీధి చివర రొట్టెల దుకాణం ముందు వరస. చంకలో పొడవాటి బాగెత్ రొట్టె పెట్టుకుని, దాని కొస కొరుక్కుంటూ ఇంటికి నడిచే మనుషులు. మనకు పాల ప్యాకెట్ ఎలాగో వాళ్లకు అదలాగ. ‘సంప్రదాయ బాగెత్’ అని పేరు పెట్టి అమ్మాలంటే రసాయనాలేవీ కలపకూడదని, అమ్మేచోటే కాల్చాలని 1993లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ రొట్టె చేసే విద్యను 2022లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. అంతకుముందు 2010లోనే ఫ్రెంచి విందు భోజనం ఆ జాబితాకెక్కింది. యునెస్కో గుర్తించింది ఏదో ఒక వంటకాన్ని కాదు... కలిసి కూర్చోవడం, బల్ల సర్దడం, వరసగా వడ్డించడం, మాట్లాడుకోవడం. ఆ పద్ధతి మొత్తాన్ని!

వారంలో కొన్ని రోజులు వీధుల్లో సంత పెడతారు. కూరలు, పండ్లు, చేపలు, చీజ్. తెనాలి మార్కెట్‌కు సంచి పట్టుకుని వెళ్లే అమ్మలకు ప్రాణం లేచొస్తుంది. కానీ ఒక్కటే ఇబ్బంది... బెండకాయ కొస తుంచి చూసే మన పద్ధతి అక్కడ కుదరదు. చాలా దుకాణాల్లో పండు ముట్టుకోనివ్వరు. ‘ఈ రాత్రికా, ఎల్లుండికా’ అని అడిగి, దానికి తగ్గ పండు అమ్మేవాడే ఎంచి ఇస్తాడు. అమెరికా సూపర్‌మార్కెట్లో ఏదైనా ముట్టుకోవచ్చు, ఎంతైనా ఎంచుకోవచ్చు. ఎవరితోనూ మాట్లాడే పని మాత్రం ఉండదు.

రెండు గంటలు... ఒక గంట

అభివృద్ధి చెందిన దేశాల సంస్థ ఓఈసీడీ ఏ దేశంలో జనం రోజులో ఏ పనికి ఎంత సమయం ఇస్తున్నారో లెక్కకట్టింది. తినడానికీ తాగడానికీ ఫ్రెంచివాళ్లు రోజుకు రెండు గంటలు దాటి వెచ్చిస్తున్నారు. అమెరికన్లు గంటకు కాస్త అటూఇటూ. మరి ఎవరు లావెక్కాలి? రెండు గంటలు తినేవాళ్లే అనుకుంటాం. అమెరికా పెద్దల్లో పదిమందికి నలుగురు ఊబకాయులు. ఫ్రాన్స్‌లో 2020 లెక్కల్లో వందకు 17 మందే. నెమ్మదిగా తింటే తక్కువ తింటారు. పళ్లేలూ చిన్నవే. భోజనాల మధ్య చిరుతిళ్లూ తక్కువే. నడక ఎక్కువ. కారణాలు చాలానే ఉండొచ్చు గానీ తేడా మాత్రం కళ్ల ముందుంది.

ఇదంతా అలవాటుతోనే నిలబడలేదు. చట్టం కూడా కాపు కాసింది. ఫ్రాన్స్ కార్మిక నియమావళి పనిచేసే చోట భోజనం చేయనివ్వకూడదని చెబుతుంది. అంటే కంప్యూటర్ ముందు కూర్చుని డబ్బా తెరవడం నిబంధనలకు విరుద్ధం! 2021లో కోవిడ్ కారణంగా దీన్ని తాత్కాలికంగా సడలించాల్సి వస్తే అదో పెద్ద వార్త అయింది. 1906లో ఆదివారం సెలవు చట్టం, 1936లో జీతంతో రెండు వారాల సెలవులు వచ్చాయి. ఆ రెండు వారాలు ఇప్పుడు అయిదయ్యాయి. అమెరికాలో జీతంతో సెలవు ఇచ్చి తీరాలనే కేంద్ర చట్టం ఇప్పటికీ లేదు. కంపెనీ దయ. సంపాదన ఎక్కువే, సమయమే తక్కువ.

నడిచే ఊరు, కారు ఊరు

ఇక్కడే పెద్దవాళ్ల సంగతి వస్తుంది. బాపట్ల నుంచి, రేపల్లె నుంచి ఆరునెలల పాటు పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు అమెరికాలో ఏ లోటూ ఉండదు. ఫ్రిజ్ నిండా కూరలు, గదికో టీవీ, అల్మరా నిండా మందులు. కానీ ఉదయం ఎనిమిదికి కొడుకూ కోడలూ, మనవలూ వెళ్లిపోతే సాయంత్రం దాకా ఇంట్లో ఇద్దరే. బయటికెళ్దామంటే కారు నడపడం రాదు. నడుద్దామంటే రోడ్డు మీద మనిషి కనపడడు. మైళ్ల దూరంలో ఉంటుంది దుకాణం. ‘బంగారు పంజరం’ అన్న మాట తిరిగొచ్చిన పెద్దల నోట ఊరికే రాలేదు. రాత్రి భోజనమైనా కలిసి చేస్తారా అంటే... ఒకరికి ఫోన్ మీటింగు, ఒకరికి స్విమ్మింగ్ క్లాసు, ఒకరు అప్పుడే పిజ్జా తినేసి ఉంటారు.

అదే పెద్దలు ప్యారిస్‌లో నాలుగు రోజులు ఉన్నారనుకోండి. పొద్దున్నే తాతగారు లేచి వీధి చివరికి నడిచి రొట్టె తేవచ్చు. ‘బోఁజూర్’ ఒక్కటి వస్తే చాలు. 1900 నుంచీ నడుస్తున్న మెట్రో నాలుగడుగుల్లో ఉంటుంది. పార్కులో బెంచీ, బెంచీ మీద తనలాంటి ముసలాయన. భాష రాకపోయినా పావురాల్ని కలిసి చూడొచ్చు! గాంధీ చౌక్ దాకా నడిచి, పేపరు చదివి, టీ తాగి ఇంటికొచ్చే తెనాలి మనిషికి ఇంతకంటే ఏం కావాలి? ఊరు మారినా కాళ్లకు పని ఉంటే మనిషికి ధైర్యంగా ఉంటుంది. అమెరికాలో కొడుకు ఇంట్లో అతిథిగా ఉన్న మనిషి, ఎవరూ ఎరగని ప్యారిస్‌లో ఇంటి పెద్దగా మారిపోతాడు... కనీసం రొట్టె తెచ్చే విషయంలో!

అలాగని అంతా పూలబాటేనా?

కాదు. నాలుగు రోజులు చూసి ఫ్రాన్స్‌ను నెత్తికెత్తుకోవడం తేలిక. అక్కడ ఉద్యోగం చేసి బతకాలంటే ముందు భాష రావాలి. సమ్మె అంటే రైళ్లు ఆగిపోతాయి. ఆగస్టులో దుకాణాలు మూసేసి సెలవులకు పోతారు. మధ్యాహ్నం రెండు దాటితే చాలా హోటళ్లలో పొయ్యి ఆర్పేస్తారు. రాత్రి ఏడు దాకా అన్నం పుట్టదు. మూడు గంటలకు ఆకలేసిన మనవడికి అమెరికాయే దిక్కు! పోనీ మెక్‌డొనాల్డ్స్ ఉందిగా అంటారా? 1999లో మియో ఊళ్లో కట్టుబడిలో ఉన్న ఆ హోటల్‌ను జొసే బొవే అనే రైతు నాయకుడు తన వాళ్లతో వెళ్లి విప్పి పారేశారు. దేశమంతా చప్పట్లు కొట్టినవాళ్లున్నారు. అయినా అమెరికా బయట ఆ కంపెనీకి అతి పెద్ద మార్కెట్లలో ఫ్రాన్స్ ఒకటి. ఫ్రెంచి పిల్లలకూ బర్గర్ రుచే!

అమెరికా ఇచ్చినవి తక్కువేం కాదు. ఊరూ పేరూ అడక్కుండా పని చూసి అందలమెక్కించింది. ఆ డాలర్లతోనే ఈ మూడు ఊళ్లలో ఎన్నో ఇళ్లు లేచాయి, అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లయ్యాయి, బళ్లకు గదులు కట్టారు. రెండు దేశాల రుచీ ఎరిగిన తెలుగువాడు కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు జిల్లాలో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, ప్యారిస్‌లోని ‘అతెలియే 17’లో ఒకే పలక మీద అనేక రంగులు ముద్రించే పద్ధతికి ప్రపంచ ప్రఖ్యాతి తెచ్చారు. తర్వాత న్యూయార్క్ వెళ్లి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 2018లో అక్కడే కన్నుమూశారు. ఒక దేశం విద్యనిస్తే మరో దేశం స్థిరమైన జీవితం ఇచ్చింది. ఏదో ఒకటే గొప్పదని తేల్చే పని లేదు.

మరి మన బల్ల సంగతో?

ప్యారిస్ గురించి ఇంత చెప్పుకున్నాక ఆంధ్రా ప్యారిస్‌లో ఏం జరుగుతోందో కూడా చూడాలి. రెండంతస్తుల ఇల్లు. ఆరు కుర్చీల డైనింగ్ టేబుల్. పిల్లలు పంపిన డబ్బులతో కొన్నది. దాని మీద మందుల డబ్బాలు, పాత పేపర్లు, కరెంటు బిల్లులు. అమ్మ టీవీ ముందు కూర్చుని సీరియల్ చూస్తూ తింటుంది. నాన్న తర్వాతెప్పుడో తింటాడు. ఊళ్లోనే ఉన్న పిల్లల ఇళ్లలోనూ ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో ముద్ద. ఆదివారం బిర్యానీ పార్సెల్. పెళ్లిళ్లలో బంతి భోజనాలు పోయి బఫేలు వచ్చాయి. లంక గ్రామాల అరిటాకుల్లో వరసగా కూర్చుని, ‘ఇంకాస్త వేయండి’ అని కొసరి కొసరి వడ్డించుకున్న ఊరు ఇప్పుడు పళ్లెం పట్టుకుని వరసలో నిలబడుతోంది.

కలిసి తినడాన్ని కాపాడుకోవాలని ఫ్రెంచివాళ్లు చట్టాలు చేశారు, యునెస్కో దాకా వెళ్లారు. మనకు అంత అక్కర్లేదు. పప్పు, గోంగూర పచ్చడి, ముద్దపప్పులో ఆవకాయ... వాటి పక్కన నలుగురు మనుషులు చాలు. డల్లాస్ కొడుకు ఫోన్ చేసి ‘ఏం వండావమ్మా’ అని అడుగుతాడు. ఆ ప్రశ్నలో ఆకలి కంటే ఆ బల్ల మీద బెంగే ఎక్కువ. ఈసారి సెలవులకు వచ్చినప్పుడు మందుల డబ్బాలు తీసి పక్కన పెడితే, ఆరు కుర్చీలూ నిండుతాయి. ఎవరూ బిల్లు తేరు కాబట్టి ఎంతసేపైనా కూర్చోవచ్చు!

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు

* అమెరికా వీసా ఉంది కదా అని ప్యారిస్‌లో దిగలేరు. భారతీయ పాస్‌పోర్టుతో ఊరు చూడాలంటే షెంగెన్ వీసా విడిగా తీసుకోవాలి. పెద్దవాళ్లకు ముందుగానే దరఖాస్తు చేయండి.

* మధ్యాహ్నం భోజనం 12 నుంచి 2 లోపు. రాత్రి ఏడు తర్వాతే. షుగరు మందులు వాడేవాళ్లు సంచిలో బిస్కట్లో, పండో ఉంచుకోవాలి.

* మిగిలింది పారేయక్కర్లేదు. 2021 జులై నుంచి అడిగితే డబ్బాలో కట్టి ఇవ్వాలన్నది అక్కడి చట్టం. సిగ్గుపడకుండా అడగండి.

* మధ్యాహ్నం పూట కట్టు భోజనం, నీళ్లకు ‘కరాఫ్ దో’, కాఫీకి కౌంటర్... ఈ మూడూ పాటిస్తే ఖర్చు బాగా తగ్గుతుంది.

* ఈఫిల్ టవర్ టికెట్లకు 2024 ఫిబ్రవరిలో మన యూపీఐ చెల్లింపులు మొదలయ్యాయి. తెనాలిలో కూరగాయలు కొన్న ఫోనుతోనే టవరెక్కొచ్చు!

* చిన్న సీసాలో కారప్పొడి, ఇంకో దాంట్లో ఆవకాయ. ఇది మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు కదా... సూట్‌కేసులో బట్టల కంటే ముందు పెట్టేది అదే!